చెన్నపట్నంలో ఫుట్‌బాల్ – 9వ భాగం: ఎలానో పట్టిన పగ్గాలు

జరిగిన కథ: సెంట్రల్ స్టేషన్‌కు కూతవేటు దూరంలో, పెరియమేటలో ఉన్న పాత కార్పొరేషన్ మైదానం గురించి గత సంచికలో చెప్పుకున్నాం. 1956 జనవరిలో వినూ మన్కడ్, పంకజ్ రాయ్ న్యూజిలాండ్ మీద 413 పరుగుల తొలి వికెట్ భాగస్వామ్యం నెలకొల్పింది ఆ నేల మీదే. యాభై రెండేళ్ళు చెక్కుచెదరని ప్రపంచ రికార్డది. 1993 నాటికి అక్కడే కొత్త నెహ్రూ స్టేడియం లేచింది. ఆ ఏడాది నెహ్రూ కప్ జరిగింది, ఉత్తర కొరియా గెలుచుకుంది. 1995 డిసెంబర్‌లో దక్షిణాసియా క్రీడలు జరిగాయి, ఫుట్‌బాల్ స్వర్ణం మన జట్టుకు దక్కింది. ఆ తర్వాత ఇండియన్ బ్యాంక్ జట్టు జాతీయ లీగ్‌లో కొన్నేళ్ళు నగరం పేరు నిలబెట్టింది. అది కూడా వెనకబడ్డాక నలభై వేల మంది పట్టే స్టేడియంలో పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ అన్నది అరుదైపోయింది. ఇక చదవండి.

ఆఖరి ఘడియలో పుట్టిన జట్టు

2014 అక్టోబర్ 12న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) మొదలైంది. మొత్తం ఎనిమిది జట్లు. మొదటి జాబితాలో చెన్నై పేరే లేదు. దక్షిణాన కొచ్చికి, బెంగళూరుకు హక్కులు ఇచ్చారు. బెంగళూరు జట్టును దక్కించుకున్న సన్ గ్రూప్ మధ్యలో తప్పుకుంది. ఆ ఖాళీలోకి చెన్నై వచ్చింది. నటుడు అభిషేక్ బచ్చన్ ముందుకొచ్చి జట్టు తీసుకున్నారు. తర్వాత వీటా దానీ, మహేంద్ర సింగ్ ధోనీ భాగస్వాములయ్యారు. లీగ్ మొదలవడానికి కొద్ది వారాలే గడువుంది. అప్పటికి జట్టూ లేదు, కోచూ లేడు.

కోచ్‌గా మార్కో మటెరాజీ వచ్చాడు. 2006 ప్రపంచకప్ ఫైనల్లో ఇటలీకి గోల్ చేసినవాడు, జిదాన్ తలతో కుమ్మింది ఇతన్నే. ఆ ఏడాది ఆడుతూనే శిక్షణ కూడా ఇచ్చాడు. అప్పటి లీగ్ నిబంధన ప్రకారం ప్రతి జట్టుకూ పేరుమోసిన విదేశీ ఆటగాడు ఒకడు ఉండాల్సి వచ్చేది. ఢిల్లీ దెల్ పియెరోను తెచ్చుకుంది, పుణె ట్రెజెగెను, గోవా రాబర్ట్ పిరెస్‌ను, ముంబై లుంగ్‌బర్గ్‌ను, కోల్‌కతా లూయిస్ గార్సియాను, గువాహటి కాప్‌దెవిలాను, కొచ్చి గోల్‌కీపర్ డేవిడ్ జేమ్స్‌ను తెచ్చుకున్నాయి. వీరిలో చాలామంది తమ మంచి రోజులు చూసేసినవాళ్ళే. పెద్ద పేర్లు తెచ్చి టికెట్లు అమ్ముకునే లీగ్ ఇది అన్న విమర్శ ఆనాడు బలంగా వినిపించింది.

చెన్నై తెచ్చుకున్నది ఎలానో బ్లూమర్‌ను. వయసు 33. బ్రెజిల్ తరఫున యాభై దాకా మ్యాచ్‌లు ఆడినవాడు. దెల్ పియెరో, పిరెస్ పేర్లు మనవాళ్ళకు తెలిసినంతగా అతని పేరు తెలియదు. దానికి కారణం అతను ఆడే చోటే. ఫార్వర్డ్ గోల్ కొడితే పేపర్లో ఫోటో వస్తుంది, గోల్‌కీపర్ పెనాల్టీ ఆపితే పేరు మారుమోగుతుంది. మిడ్‌ఫీల్డర్ చేసిన పని మ్యాచ్ మొత్తం కళ్ళప్పగించి చూసినవాడికే కనిపిస్తుంది.

చెరకు తోటల ఊరి నుంచి

ఎలానో 1981 జూన్ 14న బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్రంలో, ఇరాసెమాపోలిస్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. చుట్టూ చెరకు తోటలున్న ప్రాంతమది. గ్వారానీ క్లబ్‌లో ఓనమాలు దిద్దుకుని 2001లో సాంతోస్‌లో చేరాడు. పెలే ఆడిన క్లబ్ సాంతోస్. పెలే వెళ్ళిపోయాక ఆ క్లబ్‌కు జాతీయ టైటిల్ అందని పండైంది. 2002లో కోచ్ ఎమర్సన్ లియావో కుర్రాళ్ళను నమ్ముకున్నాడు. మీసకట్టు సరిగ్గా రాని రొబిన్హో, డియెగో ఆ జట్టు మొనగాళ్ళు. వాళ్ళ పక్కన పెద్దగా చప్పుడు చేయని 21 ఏళ్ళ ఎలానో.

ఆ ఏడాది డిసెంబర్ 15న కొరింథియన్స్‌తో ఫైనల్ రెండో అంచె. మొదటి అంచెలో సాంతోస్ 2-0తో గెలిచింది. రెండో అంచెలో రొబిన్హో పెనాల్టీతో ఆధిక్యం వచ్చినా, చివరి పావుగంటలో కొరింథియన్స్ రెండు గోల్స్ కొట్టి 2-1తో ముందుకెళ్ళింది. ఇంకొక్క గోల్ పడితే సాంతోస్ ఆధిక్యం తుడిచిపెట్టుకుపోతుంది. ఆట ముగియడానికి రెండు నిమిషాల ముందు ఎలానో గోల్ కొట్టి 2-2 చేశాడు. ఆ వెంటనే లియో మరొకటి కొట్టాడు. కప్పు సాంతోస్‌కు చేరింది. మర్నాటి నుంచి అందరి నోటా రొబిన్హో కాళ్ళ విన్యాసమే. మ్యాచ్‌ను చేజారకుండా పట్టుకున్నది మాత్రం ఎలానో గోలే. అతని జీవితం పొడుగునా ఇదే తంతు.

2004లో సాంతోస్‌కు మరో జాతీయ టైటిల్ వచ్చింది. 2005లో ఎలానో ఉక్రెయిన్‌కు వెళ్ళి షఖ్తార్ దొనెత్స్క్‌లో చేరాడు. అక్కడ రెండు లీగ్ టైటిళ్ళు. 2007లో స్వెన్ గోరన్ ఎరిక్సన్ అతన్ని ఇంగ్లండ్‌కు, మాంచెస్టర్ సిటీకి తీసుకెళ్ళాడు. అబుధాబి డబ్బు ఇంకా రాని రోజులవి. ఆ ఏడాది సెప్టెంబర్ 29న న్యూకాజిల్ మీద అతను కొట్టిన ఫ్రీకిక్ పైమూలకు బాణంలా దూసుకెళ్ళింది. సిటీ అభిమానుల్లో పాతతరం వాళ్ళు ఇప్పటికీ ఆ గోల్‌ను తలుచుకుంటారు. 2008 సెప్టెంబర్‌లో క్లబ్ చేతులు మారింది, అదే రోజు రొబిన్హో కూడా వచ్చాడు. ఏడాది తిరిగేసరికి ఎలానో తుర్కియేలోని గలతసరాయ్‌కు వెళ్ళిపోయాడు.

పసుపు చొక్కా

ఎలానోను బ్రెజిల్ జట్టులో నిలబెట్టింది కోచ్ డుంగా. 2006 ప్రపంచకప్‌లో ఓడాక బ్రెజిల్ పగ్గాలు అందుకున్న డుంగాకు తళుకుబెళుకుల కంటే క్రమశిక్షణ ముఖ్యం. ఆ సెప్టెంబర్ 3న లండన్ ఎమిరేట్స్ స్టేడియంలో అర్జెంటీనాతో స్నేహపూర్వక మ్యాచ్ జరిగింది. బ్రెజిల్ 3-0తో గెలిచింది. అందులో రెండు ఎలానోవి, మూడోది కాకాది. ఆ రోజు నుంచి నాలుగేళ్ళు బ్రెజిల్ కుడివైపు మిడ్‌ఫీల్డ్ అతనిదే.

2007 కోపా అమెరికా ఫైనల్లో మళ్ళీ అర్జెంటీనాయే ఎదురైంది. మొదటి నిమిషాల్లోనే ఎలానో దూరం నుంచి వేసిన పొడవాటి పాస్‌ను జూలియో బాప్టిస్టా అందుకుని గోల్ చేశాడు. అర్ధగంట దాటాక ఎలానో గాయపడి బయటికొచ్చాడు. అతని చోట దిగిన డానీ ఆల్వెస్ మూడో గోల్ కొట్టాడు. బ్రెజిల్ 3-0తో కప్పు గెలిచింది.

2010 దక్షిణాఫ్రికా ప్రపంచకప్ అతని జీవితంలో శిఖరం. జూన్ 15న జొహానెస్‌బర్గ్‌లో ఉత్తర కొరియాతో తొలి మ్యాచ్. కొరియా ఆటగాళ్ళు వెనక్కి తగ్గి గోడ కట్టారు. మొదటి సగంలో గోల్ రాలేదు. రెండో సగంలో మైకాన్ ఒకటి కొట్టాడు. 72వ నిమిషంలో రొబిన్హో నలుగురు డిఫెండర్ల మధ్యనుంచి బంతిని వాలుగా తోశాడు. కుడివైపు నుంచి పరుగెత్తుకొచ్చిన ఎలానో దాన్ని ఆపలేదు, సర్దుకోలేదు. పాదం లోపలివైపుతో ఒక్క తాకు. గోల్‌కీపర్ పక్కనుంచి బంతి అవతలి మూలకు దొర్లుకుంటూ వెళ్ళింది. గోల్ కొట్టాక షిన్‌గార్డులు తీసి కెమెరాకు చూపించాడు. వాటి మీద తన కూతుళ్ళ పేర్లున్నాయి.

అయిదు రోజుల తర్వాత ఐవరీ కోస్ట్‌తో మ్యాచ్. కాకా వెనక్కి ఇచ్చిన బంతిని మళ్ళీ గోల్‌లోకి పంపాడు. అది జరిగిన కొద్ది నిమిషాలకే షేక్ తియోటె టాకిల్‌లో బూటు నేరుగా కాలి ముందుభాగానికి తగిలింది. స్ట్రెచర్ మీద బయటికి తీసుకెళ్ళారు. అంతే, ప్రపంచకప్‌లో అతను మళ్ళీ దిగలేదు. జూలై 2న క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో బ్రెజిల్ 2-1తో ఓడింది. రెండు మ్యాచ్‌లు, రెండు గోల్స్. ఆడినంతసేపూ అతని వల్ల జట్టు కుడివైపు తూకం తప్పలేదు. నెదర్లాండ్స్‌తో మ్యాచ్‌లో అతను ఉండుంటే ఏమయ్యేదో అన్న చర్చ బ్రెజిల్‌లో చాలాకాలం నడిచింది.

2011 అతనికి తీపీ చేదూ కలిపి తినిపించింది. సాంతోస్‌కు తిరిగొచ్చి, పందొమ్మిదేళ్ళ నేమార్ ఉన్న జట్టులో ఆడుతూ జూన్ 22న లిబర్తడోరెస్ కప్ గెలిచాడు. నెల తిరక్కుండానే, జూలై 17న, కోపా అమెరికా క్వార్టర్ ఫైనల్లో పరాగ్వేతో మ్యాచ్ పెనాల్టీలకు వెళ్ళింది. బ్రెజిల్ కొట్టిన నాలుగూ వృథా అయ్యాయి. మొదటిది ఎలానోది, గోల్‌పోస్ట్ పైనుంచి పోయింది. తర్వాత గ్రేమియో, ఫ్లమెంగో క్లబ్బుల్లో ఆడాడు. 2014 వచ్చేసరికి బ్రెజిల్ అతన్ని దాదాపు మర్చిపోయింది. అలాంటి సమయంలో చెన్నై నుంచి పిలుపొచ్చింది.

మధ్యలో ఆడేవాడి పని

ఇక్కడ కాస్త ఆగి, మిడ్‌ఫీల్డర్ పని ఏమిటో చూద్దాం. తెలుగు పాఠకులకు ఇది కొత్త సంగతేమీ కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆ జట్టుకు నేర్పింది ఒక్కటే: బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకోవద్దు, వచ్చింది వచ్చినట్టే పక్కవాడికి అందించు. ఆ రోజుల్లో మధ్యలో ఆడేవాళ్ళను హాఫ్‌బ్యాక్ అనేవారు. సిటీ పోలీస్ హాఫ్‌బ్యాక్ నూర్ మహ్మద్ 1952, 1956 ఒలింపిక్స్‌లో దేశానికి ఆడాడు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద 4-2తో గెలిచినప్పుడు హ్యాట్రిక్ కొట్టిన నెవిల్ డిసౌజా పేరు చరిత్రలో నిలిచింది. నిలవాల్సిందే. అతని దాకా బంతి చేరడానికి వెనక చెమటోడ్చినవాళ్ళ పేర్లు కూడా దాంతో పాటే చెప్పుకోవాలి.

ఎద్దులబండికి పగ్గం ఎలాగో జట్టుకు మిడ్‌ఫీల్డర్ అలాగ. అతను రెండు పనులు చేయాలి. అవతలివాళ్ళ దగ్గర బంతి ఉంటే అడ్డం పడాలి, మనవాళ్ళ దగ్గరికి రాగానే ఆటకు దిక్కు చూపించాలి. ఎప్పుడు వేగం పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో అతనికే తెలియాలి. బంతి తన దగ్గరికి రాకముందే తల తిప్పి చుట్టూ ఎవరెక్కడున్నారో చూసుకుంటాడు. వయసు మీదపడి కాళ్ళు నెమ్మదించినా ఆ చూపు మాత్రం పదునెక్కుతుంది. అందుకే 33 ఏళ్ళ వింగర్‌కూ 33 ఏళ్ళ మిడ్‌ఫీల్డర్‌కూ విలువలో చాలా తేడా ఉంటుంది. చెన్నై చేసుకున్న ఎంపికలోని తెలివి ఇదే.

మొదటి సీజన్

2014 అక్టోబర్ 15న మడ్గావ్‌లోని ఫతోర్దా స్టేడియంలో చెన్నైయిన్ ఎఫ్‌సీ తన మొట్టమొదటి మ్యాచ్ గోవాతో ఆడింది. పంజాబ్ కుర్రాడు బల్వంత్ సింగ్ తొలి గోల్ కొట్టాడు. తర్వాత గోల్‌పోస్ట్‌కు కొంత దూరంలో ఫ్రీకిక్ దొరికింది.

ఫ్రీకిక్‌లో కొట్టేవాడికీ గోల్‌కీపర్‌కీ మధ్య ఎత్తుకు పైఎత్తు నడుస్తుంది. గోల్‌కీపర్ అయిదారుగురిని వరసగా నిలబెట్టి సగం గోల్ మూసేస్తాడు, మిగతా సగాన్ని తాను కాచుకుంటాడు. కొట్టేవాడు ఆ గోడ మీదుగా బంతిని లేపాలి. లేపాక అది గోల్‌పోస్ట్ దాటిపోకుండా కిందికి దిగాలి. అందుకు బలం ఒక్కటే చాలదు. పాదం బంతిని తాకే కోణం, బంతి గాల్లో తిరిగే తీరు లెక్క తప్పకూడదు. ఎలానో ఆ లెక్క కుదిర్చాడు. బంతి వలలో పడింది. ఐఎస్‌ఎల్ చరిత్రలో నేరుగా ఫ్రీకిక్ నుంచి వచ్చిన తొలి గోల్ అది. చెన్నై 2-1తో గెలిచింది.

ఆరు రోజులకు నెహ్రూ స్టేడియంలో తొలి మ్యాచ్, ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. ఎలానో పెనాల్టీ గోల్ చేశాడు, కొలంబియా కుర్రాడు జాన్ స్టివెన్ మెండోజా గాల్లో వెనక్కి పల్టీ కొట్టి మరొకటి చేశాడు. మళ్ళీ 2-1. అక్టోబర్ 28న ముంబై వచ్చింది, 5-1తో చిత్తయింది. ఎలానోవి రెండు, మెండోజావి రెండు, మిజోరం స్ట్రైకర్ జెజె లాల్‌పెఖ్లువాది ఒకటి. ఏళ్ళ తరబడి బోసిపోయిన గ్యాలరీల్లో ఈలలు, డప్పులు మోగాయి. క్రికెట్ తప్ప మరో ఆటకు ఇంత జనం వస్తారా అన్న నగరానికి ఆ సాయంత్రమే సమాధానం దొరికింది.

మధ్యలో గాయం అతన్ని కొన్ని మ్యాచ్‌లకు దూరం పెట్టింది. ఆడిన 11 మ్యాచ్‌ల్లో 8 గోల్స్ కొట్టాడు. లీగ్ తొలి సీజన్‌లో అత్యధిక గోల్స్ వీరుడికిచ్చే గోల్డెన్ బూట్ ఒక మిడ్‌ఫీల్డర్‌కు దక్కడం విశేషం. చెన్నై 23 పాయింట్లతో పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. డిఫెన్స్‌లో సిల్వెస్ట్రె, చివర్లో వచ్చి చేరిన అలెసాండ్రో నెస్టా లాంటి తలపండిన వాళ్ళున్నారు. అయినా సెమీఫైనల్ తొలి అంచెలో కొచ్చిలో 3-0తో ఓటమి. డిసెంబర్ 16న చెన్నైలో చివరి నిమిషంలో జెజె గోల్‌తో 3-0 చేసి లెక్క సరిచేశారు. అదనపు సమయం ముగియడానికి మూడు నిమిషాల ముందు స్టీఫెన్ పియర్సన్ కొట్టిన గోల్‌తో కేరళ ఫైనల్‌కు వెళ్ళిపోయింది. మొదటి సీజన్ అలా గుండెకోతతో ముగిసింది.

వరద ఏడాది

2015లో ఎలానో మళ్ళీ వచ్చాడు. ఈసారి అతని గోల్స్ నాలుగే. కాళ్ళు ఇదివరకటిలా కదలడం లేదన్నది కంటికి కనిపిస్తూనే ఉంది. జట్టు కూడా తడబడింది. పది మ్యాచ్‌లయ్యాక పది పాయింట్లతో పట్టిక అట్టడుగున ఉంది. మిగిలిన నాలుగూ గెలిస్తేనే సెమీఫైనల్ ఆశ. ఆ నాలుగూ గెలిచింది. 22 పాయింట్లతో మూడో స్థానానికి ఎగబాకింది.

ఆ గెలుపుల వేళకే నగరాన్ని వాన ముంచెత్తింది. నవంబర్ అంతా తెరిపి లేకుండా కురిసి, డిసెంబర్ 1న కుండపోతయింది. చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలిన నీళ్ళతో అడయారు ఒడ్డు దాటింది. సైదాపేట, కోట్టూర్‌పురం నీట మునిగాయి. విమానాశ్రయం రన్‌వే మీద నీళ్ళు నిలిచి విమానాలు ఆగిపోయాయి. 1878లో పుట్టిన ‘ది హిందూ’ పత్రిక డిసెంబర్ 2న చెన్నైలో అచ్చు కాలేదు. ప్రెస్సుకు కార్మికులు చేరుకోలేకపోయారు. వందల మంది ప్రాణాలు పోయాయి. మన వైపు నెల్లూరు జిల్లా కూడా ఆ వానల్లో విలవిల్లాడింది.

అలాంటి నగరంలో ఫుట్‌బాల్ ఎలా ఆడతారు? సెమీఫైనల్ సొంత అంచెను పుణెకు మార్చారు. డిసెంబర్ 12న బాలేవాడి స్టేడియంలో, సొంత ప్రేక్షకులు లేకుండా, డిఫెండింగ్ చాంపియన్ కోల్‌కతాతో తలపడ్డారు. బ్రూనో పెలిసారి, జెజె, మెండోజా తలా ఒక గోల్ చేశారు. జెజె దూరం నుంచి గాల్లోనే బాదిన బంతి ఆ సీజన్‌కే గుర్తుండిపోయే గోల్. 3-0. నాలుగు రోజుల తర్వాత సాల్ట్‌లేక్‌లో 2-1తో ఓడినా, మొత్తం మీద 4-2తో ఫైనల్ చేరారు.

డిసెంబర్ 20. మళ్ళీ ఫతోర్దా, మళ్ళీ గోవా. పెలిసారి గోల్‌తో చెన్నై ముందుకెళ్ళింది, హావోకిప్ వెంటనే సమం చేశాడు. 87వ నిమిషంలో జోఫ్రె గోల్‌తో గోవా 2-1. సొంత గడ్డ మీద గోవా అభిమానులు పండగ మొదలుపెట్టారు. 90వ నిమిషంలో గందరగోళంలో గోవా గోల్‌కీపర్ కట్టిమణి చేతుల మీదుగానే బంతి సొంత గోల్‌లో పడింది. రెండు నిమిషాలకు మెండోజా మరొకటి కొట్టాడు. 3-2. ఆ సీజన్‌లో అది మెండోజాకు పదమూడో గోల్. కప్పు చెన్నైకి వచ్చింది. వరద బురద ఇంకా ఎత్తిపోసుకుంటున్న ఊరికి అది ఎంత ఊరటో ఆ రోజుల్లో అక్కడున్నవాళ్ళకే తెలుసు.

ఆ రాత్రి ఒక చేదు కూడా మిగిలింది. మ్యాచ్ తర్వాత మైదానంలో జరిగిన తోపులాటలో ఎలానో తనపై చేయి చేసుకున్నాడని గోవా జట్టు సహ యజమాని ఒకరు ఫిర్యాదు చేశారు. గోవా పోలీసులు ఎలానోను అరెస్టు చేసి, బెయిలు మీద విడిచిపెట్టారు. చెన్నైలో అతని రెండేళ్ళ ప్రయాణం ఇలా ముగిసింది. చరిత్ర రాసేటప్పుడు కప్పు గురించి రాసి ఇది వదిలేయడం సరికాదు. అలాగని ఈ ఒక్క రాత్రితో ఆ రెండేళ్ళను కొలవడమూ సరికాదు.

స్వదేశం వెళ్ళి 2016లో సాంతోస్‌లో చివరి సీజన్ ఆడాడు. ఆటకు సెలవు చెప్పాక అక్కడే సహాయ కోచ్‌గా చేరాడు. 2017లో కోచ్‌లు మారినప్పుడల్లా, రెండుసార్లు, తాత్కాలికంగా జట్టు బాధ్యత మోశాడు. తర్వాత ఇంటర్ డి లిమైరా వంటి చిన్న క్లబ్బులకు కోచ్‌గా పనిచేశాడు.

అతను వదిలి వెళ్ళింది

ఎలానో చెన్నైలో ఆడింది రెండు చిన్న సీజన్లు. ఒక్కోటి మూడు నెలలు కూడా ఉండదు. ఆ కాస్త కాలానికి ఈ ధారావాహికలో ఒక భాగమంతా ఎందుకు కేటాయించాలి?

కప్పు ఒక్కటే కారణమైతే మెండోజా గురించి రాసేవాణ్ణి. నా ఉద్దేశంలో ఎలానో విలువ అతని తర్వాత ఆ జట్టు ఆడిన తీరులో తేలింది. తొలి రోజు నుంచీ చెన్నైయిన్ ఎఫ్‌సీ మిడ్‌ఫీల్డ్‌ను ఆధారం చేసుకుని ఆడే జట్టుగా రూపుదిద్దుకుంది. 2015లో అతని పక్కన ఆడిన రియో కుర్రాడు రఫాయెల్ అగస్టో ఆ తర్వాత కూడా చెన్నైలోనే ఉండిపోయాడు. ఎలానో లేని జట్టుకు నడిమిలో అతనే పెద్దదిక్కయ్యాడు. 2018 మార్చి 17న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో ఫైనల్. ప్రత్యర్థి జట్టు తరఫున సునీల్ ఛెత్రీ మొదట్లోనే గోల్ కొట్టినా, డిఫెండర్ మైల్సన్ ఆల్వెస్ తలతో రెండు గోల్స్ చేశాడు. మూడోది రఫాయెల్‌ది. 3-2తో చెన్నై రెండోసారి కప్పు గెలిచింది.

ఆ ఫైనల్‌కు నాలుగు రోజుల ముందు, మార్చి 13న, నెహ్రూ స్టేడియంలో గోవాతో సెమీఫైనల్ రెండో అంచె జరిగింది. చెన్నై 3-0తో గెలిచిన ఆ మ్యాచ్‌లో రెండు గోల్స్ జెజెవి. మధ్యలో వచ్చిన గోల్ ధన్‌పాల్ గణేశ్‌ది. అతను మిడ్‌ఫీల్డరే. ఉత్తర చెన్నైలోని వ్యాసర్‌పాడిలో పెరిగినవాడు. ఈ సంగతి దగ్గర ఆగాలి.

వ్యాసర్‌పాడి, పెరంబూరు, రాయపురం ప్రాంతాలు మిల్లుల చుట్టూ, రైల్వే వర్క్‌షాపుల చుట్టూ, హార్బర్ చుట్టూ పెరిగిన పేటలు. తమిళులతో పాటు తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న వాడలు. ఇరుకు ఇళ్ళు, ఇరుకు సందులు. అక్కడ పిల్లలకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. క్రికెట్‌కు బ్యాటూ ప్యాడ్లూ కావాలి. ఫుట్‌బాల్‌కు ఇరవై మందికి ఒక బంతి చాలు. ఆ పేటల్లో ఆట ఎప్పుడూ ఆగలేదు. పట్టించుకునేవాళ్ళే కరువయ్యారు. ఇరుకు చోట, పది కాళ్ళ మధ్య బంతిని కాపాడుకోవడం నేర్చినవాడికి మిడ్‌ఫీల్డ్ సహజంగానే అబ్బుతుంది. గణేశ్ ఆ నేర్పుతో పుణె ఎఫ్‌సీ అకాడమీకి వెళ్ళి, అక్కడ సానపెట్టుకుని తిరిగొచ్చాడు. సొంత ఊళ్ళో పేరున్న అకాడమీ దొరక్క పుణె దాకా వెళ్ళాల్సి రావడం చెన్నై ఫుట్‌బాల్ మోస్తున్న పాత అప్పు.

చెన్నై పేరు పెట్టుకున్న తొలి జట్లలో తమిళనాడు కుర్రాళ్ళు తక్కువ. బ్రెజిల్, ఇటలీ, కొలంబియా నుంచి వచ్చినవాళ్ళు కప్పు తెచ్చిపెట్టారు. వాళ్ళకు చప్పట్లు కొట్టిన గ్యాలరీల వెనక ఉన్న పేటల పిల్లలు టికెట్టు కొనుక్కుని చూశారు. విదేశీ మొనగాణ్ణి తెచ్చుకోవడంలో తప్పు లేదు. అతను రెండేళ్ళలో చూపించిన ఆటను అందిపుచ్చుకునే పిల్లలకు ఊళ్ళోనే మైదానం, కోచ్, పోటీ దొరకాలి. అవి దొరకనంత కాలం ప్రతి జట్టూ మళ్ళీ మళ్ళీ బయటివాళ్ళ కోసమే వెతుక్కోవాల్సి వస్తుంది. రహీం హైదరాబాద్‌లో చేసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఆ ఊరి కుర్రాళ్ళనే తీర్చిదిద్ది, పోలీసు ఉద్యోగంతో వాళ్ళ అన్నానికి భరోసా దొరికిన జట్టును నడిపి, పదేళ్ళు దేశాన్ని ఏలాడు. ఆ పాఠం చెన్నైకి ఇప్పటికీ పనికొస్తుంది. మాటకొస్తే హైదరాబాద్‌కూ పనికొస్తుంది.

ఎలానో తన మిడ్‌ఫీల్డ్ పనితనంతో నిరూపించింది ఒక్కటే: ఈ నగరం మంచి ఫుట్‌బాల్‌ను గుర్తుపట్టగలదు, దానికోసం కదిలి రాగలదు. ప్రేక్షకులు లేరన్న సాకు 2014తో చెల్లిపోయింది. ఇక మిగిలిన బాధ్యత క్లబ్బులది, సంఘాలది, ప్రభుత్వానిది.

(వచ్చే సంచికలో: డెహ్రాడూన్ నుంచి పద్ధెనిమిదేళ్ళ ప్రాయంలో చెన్నై వచ్చి, ఏడేళ్ళు ఇక్కడే ఎదిగి, కెప్టెనై, 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్ మీద గోల్ కొట్టిన మిడ్‌ఫీల్డర్ అనిరుధ్ థాపా కథ.)